ఒకే పన్నెండు మార్కులు, మూడు కారణాలు



ఈ నెల మీ పిల్లల బ్యాగుల్లో ఎఫ్‌ఏ స్లిప్ టెస్ట్ పేపర్లు ఇంటికి వస్తున్నాయి. పేపర్ పైన ఎర్ర సిరాతో వేసిన అంకె ఉంటుంది. కింద మీ సంతకానికి ఒక గీత ఉంటుంది. ఆ అంకెకీ సంతకానికీ మధ్య ఇంట్లో ఏం జరగాలి అన్నదే ఈ నెల నేను రాస్తున్న విషయం.

నేను ఆరు, ఏడు తరగతులకు ఇంగ్లిష్ మీడియంలో మ్యాథ్స్ చెబుతాను. బీఈడీలో ఉన్నప్పుడూ, తర్వాత టెట్‌కు చదివినప్పుడూ ఎక్కువసార్లు తిరగేసిన పాఠాల్లో మూల్యాంకనం ఒకటి. ఈ మధ్య మన కోనసీమలో ఏ స్టాఫ్‌రూమ్‌లోకి వెళ్లినా టెట్ మాటే వినిపిస్తోంది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, ఇంకా అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్న టీచర్లు కూడా రెండేళ్లలోగా టెట్ పాసవ్వాలి. దాంతో నిన్నమొన్న బీఈడీ చేసినవాళ్లూ, ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్న పెద్దవాళ్లూ పక్కపక్కన కూర్చుని గైడ్లు చదువుతున్నారు.

టెట్‌లో 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటల సమయం. అందులో 30 మార్కులు శిశు వికాసం, బోధన అనే భాగానికి. మూల్యాంకనం రకాల మీద ప్రశ్నలు ఇక్కడ వస్తాయి. "పాఠం నడుస్తుండగానే విద్యార్థి ఎక్కడ తడబడుతున్నాడో తెలుసుకోవడానికి చేసేది ఏది?" అని అడిగి నాలుగు జవాబులు ఇస్తారు. సరైనదాని మీద క్లిక్ చేస్తే ఒక మార్కు. క్లాస్‌రూమ్‌లో మాత్రం ఆ ప్రశ్న అంత తేలిగ్గా తేలదు. అక్కడ జవాబు టీచర్ ఒక్కరి చేతుల్లోనే ఉండదు, సగం మీ ఇంట్లో ఉంటుంది.

పేర్లు నాలుగు, చేను ఒకటే

పుస్తకంలో ఈ రకాల పేర్లు కాస్త బరువుగా ఉంటాయి. నిర్మాణాత్మక మూల్యాంకనం, సంగ్రహణాత్మక మూల్యాంకనం, లోపనిర్ధారణ పరీక్ష, పూర్వజ్ఞాన పరీక్ష. మనది వరి పండే సీమ కాబట్టి వీటిని చేలో పెట్టి చూస్తే సులువుగా అర్థమవుతాయి.

సార్వాకు ముందు మట్టి పరీక్ష చేయిస్తాం. ఈ నేలలో ఏముంది, ఏం తక్కువైంది అని చూసుకుంటాం. కొత్త పాఠం మొదలుపెట్టే ముందు, దానికి కావలసిన పాత పాఠం పిల్లలకు గుర్తుందో లేదో చూడటం అలాంటిదే. అది పూర్వజ్ఞాన పరీక్ష.

ఊడ్పులయ్యాక రైతు రోజూ పొద్దున్నే చేను చూసి వస్తాడు. ఆకు పసుపు తిరిగిందా, నీరు నిలిచిందా, ఎరువు వేయాలా అని చూస్తాడు. ఆ చూపు పంటకు మార్కులు వేయడానికి కాదు, ఈ రోజు ఏం చేయాలో తెలుసుకోవడానికి. అదే నిర్మాణాత్మక మూల్యాంకనం, ఇంగ్లిష్‌లో ఫార్మేటివ్ అసెస్‌మెంట్, మన వాడుకలో ఎఫ్‌ఏ.

సుడిదోమ సంగతి మీకు తెలిసిందే. గట్టు మీద నుంచి చూస్తే చేను పచ్చగానే కనిపిస్తుంది. దోమ దుబ్బు మొదట్లో చేరి ఉంటుంది. చేలోకి దిగి, దుబ్బులు విడదీసి, వంగి చూస్తేనే తెలుస్తుంది. ఏదో తేడా ఉందని అనుమానం వచ్చాక, అది ఏమిటో ఎక్కడుందో వెతికి పట్టుకోవడం లోపనిర్ధారణ పరీక్ష. ఇంగ్లిష్‌లో డయాగ్నస్టిక్ టెస్ట్ అంటారు. దాని తర్వాత చేసే చికిత్స లోపనివారణ బోధన.

చివరికి కోత, నూర్పిడి. ఎకరాకు ఎన్ని బస్తాలు అయ్యాయో లెక్క తేలుతుంది. అది సంగ్రహణాత్మక మూల్యాంకనం, అంటే ఎస్‌ఏ. ఆ లెక్క కూడా అవసరమే. కాకపోతే ఆ రోజున పంటకు ఇంకేమీ చేయలేం. అప్పటికి తెలిసిన లోపానికి మందు కొట్టడం చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఫార్మేటివ్, సమ్మేటివ్ అనే ఈ విభజనను 1967లో మైకేల్ స్క్రివెన్ ప్రతిపాదించారు. ఆయన అప్పుడు మాట్లాడింది పాఠ్య ప్రణాళికలను మదింపు చేయడం గురించి. బెంజమిన్ బ్లూమ్ వంటివారు దాన్ని తరగతి గదిలోకి, పిల్లల నేర్చుకోవడంలోకి తెచ్చారు. మన రాష్ట్రంలో నిరంతర సమగ్ర మూల్యాంకనం పేరుతో ఎఫ్‌ఏ, ఎస్‌ఏలు వచ్చినప్పుడు ఎఫ్‌ఏకు 50 మార్కులు పెట్టి నాలుగు భాగాలు చేశారు. క్లాసులో పాల్గొనడానికి 10, రాత పనులకు 10, ప్రాజెక్టుకు 10, స్లిప్ టెస్ట్‌కు 20. ఏడాదికేడాది పేర్లూ పద్ధతులూ కాస్త మారుతున్నా అసలు ఆలోచన ఇదే. 50లో 30 మార్కులు పరీక్ష పేపర్ బయటే ఉండటం గమనించండి. పిల్లలు రోజూ ఏం మాట్లాడుతున్నారు, నోట్సులో ఏం రాస్తున్నారు, సొంతంగా ఏం చేస్తున్నారు అన్నది చూడటానికే అలా పెట్టారు.

అందుకే ఒక చిన్న మనవి. ప్రాజెక్టు కోసం ఫ్యాన్సీ షాపులో రెడీమేడ్ థర్మాకోల్ నమూనా కొని పంపకండి. అది చూడటానికి బాగుంటుంది. కానీ దానికి పడే పది మార్కులు షాపాయనవి. మీ బాబు వంకర గీతలతో చేసుకొచ్చిన అట్టముక్క నుంచే నాకు వాడి గురించి నాలుగు విషయాలు తెలుస్తాయి.

మూడు పేపర్లు, ఒకే మార్కు

ఆరో తరగతిలో భిన్నాల కూడిక ఉంటుంది. దాని మీద 20 మార్కులకు పెట్టిన స్లిప్ టెస్ట్‌లో ముగ్గురు పిల్లలకు 12 చొప్పున వచ్చాయి అనుకోండి. ఏటా ఇలాంటి ముగ్గురు ప్రతి సెక్షన్‌లోనూ కనిపిస్తారు.

మొదటి పేపర్‌లో 1/2 కు 1/3 కలిపితే 2/5 అని ఉంటుంది. పైఅంకెలు పైవాటితో, కిందివి కిందివాటితో కలిపేశారు. ఇది తొందర వల్ల వచ్చిన పొరపాటు కాదు. భిన్నం అంటే ఒకే వస్తువులో భాగం అన్న ఊహ ఇంకా కుదరలేదు. ఇక్కడ వంద లెక్కలు ఇంపోజిషన్ రాయిస్తే వంద తప్పులు గట్టిపడతాయి. సగం కొబ్బరి చెక్క చేతికిచ్చి, "దీనికి ఇంకాస్త కలిపితే సగం కంటే ఎక్కువవుతుందా, తగ్గుతుందా?" అని అడగాలి. 2/5 సగం కంటే తక్కువని తెలిశాక, ఆ పద్ధతి మీద అనుమానం పిల్లలకే వస్తుంది.

రెండో పేపర్‌లో 3/4 కు 5/6 కలపాలి. కసాగు 12 అని సరిగ్గా పట్టారు, 9/12, 10/12 అని కూడా సరిగ్గానే మార్చారు, చివర మాత్రం 18/12 అని రాశారు. భావన వచ్చింది, కూడిక దగ్గర కన్ను జారింది. వీళ్లకు మళ్లీ పాఠం అక్కర్లేదు. లెక్క అయ్యాక ఒక్కసారి వెనక్కి చూసుకునే అలవాటు కావాలి.

మూడో పేపర్‌లో అంకెలతో ఇచ్చినవన్నీ సరైనవే, వాక్యాల్లో ఇచ్చిన లెక్కలు రెండూ ఖాళీ. "హౌ మచ్ ఈజ్ లెఫ్ట్", "ఆల్టుగెదర్" అన్న మాటల దగ్గర ఆగిపోయారు. ఇక్కడ లోటు మ్యాథ్స్‌లో లేదు, ఇంగ్లిష్‌లో ఉంది. అదే లెక్క తెలుగులో చెబితే టక్కున చేసేస్తారు. ఇంగ్లిష్ మీడియం పిల్లల్లో ఈ మూడో రకం మనం అనుకునేదాని కంటే ఎక్కువ. వీళ్లను మ్యాథ్స్ ట్యూషన్‌కు పంపితే డబ్బు ఖర్చవుతుంది, లోటు అలాగే ఉంటుంది.

ముగ్గురి ప్రోగ్రెస్ కార్డులోనూ కనిపించేది 12. ముగ్గురికీ కావలసిన మందు వేరు. అంకె చేను ఎలా ఉందో గట్టు మీద నుంచి చెబుతుంది. దుబ్బులో ఏముందో పేపర్ లోపల ఉంటుంది.

అంకె ఒక్కటే కువైట్ చేరితే

మన ప్రాంతంలో చాలా ఇళ్లలో నాన్నో అమ్మో గల్ఫ్‌లో ఉంటారు. ప్రోగ్రెస్ కార్డు ఫొటో వాట్సాప్‌లో వెళుతుంది. ఒక కుటుంబం సంగతి, గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతాను.

రాజోలు వైపు నుంచి వచ్చే ఒక పాప. క్లాసులో బోర్డు దగ్గరకు పిలిస్తే 2/5 అనే రాస్తుంది. స్లిప్ టెస్ట్‌లో మాత్రం 18 వచ్చాయి. ఈ రెండూ ఒకదానితో ఒకటి కలవలేదు. పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే, కాసేపు తల దించుకుని, "మార్కులు తగ్గితే డాడీ మాట్లాడరు మేడం" అంది. పక్కపాప పేపర్ చూసి రాసిందని నాకు అర్థమైంది.

తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్లమ్మ గారితో మాట్లాడాను. "ఆయ్, నిజమేనండి మేడం గారూ. ఆయన కువైట్ నుంచి రాత్రిళ్లు వీడియో కాల్ చేత్తారండి. ముందు అడిగేది మార్కులేనండి. తగ్గితే రెండ్రోజులు దాంతో మాట్టాడరండి. అంత దూరంలో కష్టపడేది దీని కోసమే కదండీ," అన్నారావిడ. ఆ నాన్న గారికి పాప మీద ప్రేమ లేక కాదు. ఆయన ఫోన్ దాకా చేరుతున్నది ఒక్క అంకె మాత్రమే. మిగతా కథ ఇక్కడే ఆగిపోతోంది.

నేను అడిగింది ఒక్కటే. ఈసారి మార్కులు వేసిన పేజీ కాదు, తప్పిన లెక్క ఉన్న పేజీ కెమెరాకు చూపించండి అన్నాను. ఆయన అక్కడ డ్రైవర్. ఆ ఆదివారం కాల్‌లో కూతురితో, "అమ్మా, బండిలో సగం ట్యాంకు ఉంది. ఇంకో మూడో వంతు కొట్టించాను. ఇప్పుడు ట్యాంకు సగం కంటే తగ్గుద్దా?" అని అడిగారట. పాప నవ్విందట. తర్వాత పెన్సిల్ తీసుకుని ట్యాంకు బొమ్మ గీసి, ఆరు గళ్లు చేసి, అయిదు నింపి ఫోన్‌కు చూపించిందట. నేను క్లాసులో రెండుసార్లు చెప్పిన ఆరు గళ్ల పద్ధతే అది. నాన్న అడిగిన ట్యాంకుతో దానికి అర్థం వచ్చింది.

తర్వాతి టెస్ట్‌లో ఆ పాపకు 14 వచ్చాయి. 18 కంటే తక్కువే. కానీ ఆ 14 పాప సొంతం. వాటిని చూసి తర్వాత ఏం చెప్పాలో నాకు తెలుస్తుంది. పక్కపేపర్ నుంచి వచ్చిన 18 నాకు ఏమీ చెప్పదు. ఇంకా ప్రమాదం ఏమిటంటే, అంతా బాగుందని చెబుతుంది.

భయం పిల్లల్ని చదివిస్తుందని మనలో చాలామంది నమ్మకం. ఎఫ్‌ఏ విషయంలో భయం చేసే పని వేరే. అది లోపాన్ని దాచిపెట్టిస్తుంది. దాచిన లోపం ఎస్‌ఏ దాకా, ఒక్కోసారి పదో తరగతి దాకా పిల్లలతో పాటే వెళుతుంది. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 29వ సెక్షన్ చూడండి. పిల్లలకు భయం, ఆందోళన లేకుండా చేయాలి, తమ అభిప్రాయం స్వేచ్ఛగా చెప్పనివ్వాలి అని ఒక అంశం ఉంది. దాని వెంటనే వచ్చే అంశమే నిరంతర సమగ్ర మూల్యాంకనం. ఈ రెంటినీ పక్కపక్కన చదివితే, భయం ఉన్నచోట మూల్యాంకనం నిజం చెప్పదని నాకు అనిపిస్తుంది.

టెట్ వేరు, డీఎస్సీ వేరు

పేరెంట్స్ మీటింగ్‌లో మేం ఎక్కువగా వినే రెండో ప్రశ్న, "క్లాసులో ఎన్నోదండీ?" దీనికి సంబంధించి పుస్తకంలో ఇంకో విభజన ఉంది. 1963లో రాబర్ట్ గ్లేజర్ రాసిన వ్యాసంతో అది బాగా ప్రచారంలోకి వచ్చింది. ఒక నిర్ణీత స్థాయిని చేరారా లేదా అని చూసేది ఒక రకం. పక్కవాళ్లతో పోల్చి ఎవరు ముందు, ఎవరు వెనక అని చూసేది ఇంకో రకం.

టీచర్లుగా మేం రాసే పరీక్షల్లోనే ఈ రెండూ ఉన్నాయి. టెట్‌లో ఓసీలకు 60 శాతం, బీసీలకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం వస్తే పాస్. ఎంతమంది ఆ గీత దాటితే అంతమందీ పాసే. నా పక్క సీటు ఆవిడకు 120 వచ్చినంత మాత్రాన నాకు వచ్చినవి తగ్గవు. డ్రైవింగ్ లైసెన్సు కూడా అలాంటిదే. డీఎస్సీ అలా కాదు. 2025 మెగా డీఎస్సీలో పోస్టులు 16,347. అక్కడ నాకెన్ని వచ్చాయన్నది సగం సంగతి, నాకంటే ముందు ఎంతమంది ఉన్నారన్నది మిగతా సగం.

ఆరో తరగతి భిన్నాలు టెట్ లాంటివి, డీఎస్సీ లాంటివి కావు. క్లాసులో నలభై మంది ఉంటే నలభై మందికీ రావచ్చు. రావాలి కూడా. అక్కడ సీట్ల లెక్క లేదు. ముప్పయ్యో ర్యాంకు వచ్చిన పాపకు భిన్నాలు పూర్తిగా వచ్చి ఉండొచ్చు. క్లాసు మొత్తం వెనకబడి ఉంటే, మూడో ర్యాంకు వచ్చిన బాబుకు కూడా రాకపోయి ఉండొచ్చు. ర్యాంకు ఆ తేడా చెప్పదు.

మన స్కూల్లో వీక్లీ టెస్టులకు ర్యాంకులు ఇస్తారు కదా అని మీరు అడగొచ్చు. ఇస్తాం. రేపు ఈఏపీసెట్, జేఈఈ, నీట్‌లలో సీట్లు పరిమితం కాబట్టి పోటీలో కూర్చోవడం కూడా పిల్లలకు అలవాటు కావాలి. అయితే ఆ షీటును ఆ పనికే వాడుకోండి. పాఠం వచ్చిందా అన్న ప్రశ్నకు జవాబు ర్యాంకు షీటులో వెతకొద్దు.

సంతకం పెట్టే ముందు

1988లో ఇజ్రాయెల్‌కు చెందిన పరిశోధకురాలు రూత్ బట్లర్ ఒక అధ్యయనం ప్రచురించారు. కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే ఇచ్చారు. కొందరికి మార్కులు లేకుండా, ఏం బాగుంది, ఏం సరిచేసుకోవాలి అన్న వ్యాఖ్య మాత్రమే రాసిచ్చారు. ఇంకొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లల్లో ఆసక్తీ పెరిగింది, పనితీరూ మెరుగైంది. రెండూ ఇచ్చినవాళ్లకు వ్యాఖ్య వల్ల ఆ లాభం దక్కలేదు. పక్కన మార్కు ఉంటే పిల్లలు దాన్నే చూస్తారు, వ్యాఖ్య వెనక్కి పోతుంది.

మేం మార్కులు మానేయలేం. అందుకని ఈ నెల స్లిప్ టెస్ట్ పేపర్ల చివర ప్రతి పిల్లకూ, పిల్లాడికీ ఒక్క వాక్యం రాస్తున్నాను. ముందు బొటనవేలితో మార్కు మూసి ఆ వాక్యం చదవండి. తర్వాత తప్పిన లెక్క ఒకటి చూపించమని అడగండి. "ఎన్ని పోయాయి?" అనే బదులు "ఏ లెక్క దగ్గర ఆగావు?" అనండి. జవాబు తెలుగులో చెప్పినా సరే. తెలుగులో వివరించగలిగితే భావన వచ్చినట్టే. ఇంగ్లిష్ మాట సంగతి మేం చూసుకుంటాం. మీకు ఇంగ్లిష్ రాకపోయినా, ఇంట్లో నాయనమ్మ గారే పేపర్ చూసినా ఈ ప్రశ్న అడగడానికి ఏ అడ్డూ లేదు.

పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు మమ్మల్ని మూడు ప్రశ్నలు అడగండి. మా పాప ఎక్కడ ఆగింది? కారణం భావన రాకపోవడమా, తొందరా, భాషా? రాబోయే రెండు వారాల్లో స్కూల్లో మీరేం చేస్తారు, ఇంట్లో మేమేం చేయాలి?

మూడో ప్రశ్నను మొహమాటపడకుండా అడగండి. ఇరవై మార్కుల చిన్న టెస్ట్ అయినంత మాత్రాన అది ఫార్మేటివ్ అయిపోదు. పరీక్ష తర్వాత బోధనలో ఏదో ఒకటి మారితేనే అది ఫార్మేటివ్. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోతే, మేం పెట్టింది ఎఫ్‌ఏ కాదు, చిన్న సైజు ఎస్‌ఏ. అలాగే ఆ పేపర్ చూసి ఇంట్లో తిట్లు తప్ప ఇంకేమీ మారకపోతే, దాన్ని మీరు కూడా ఎస్‌ఏ చేసేసినట్టే.

సంతకం గీత కింద ఈసారి ఒక వరస ఖాళీగా ఉంచాం. మీ పిల్లలు ఏ లెక్క దగ్గర ఆగారో అక్కడ తెలుగులోనైనా ఇంగ్లిష్‌లోనైనా ఒక్క ముక్క రాసి పంపండి. సోమవారం క్లాసుకు ముందు అవన్నీ చదువుతాను. ఆ వారం పాఠం వాటిని బట్టే మొదలవుతుంది.